నూలు చీరల పడవ

పెద్దయ్య పోయాడని మా బస్తీ రాజవ్వ ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ఏడుపు రాలేదు. "సరే" అన్నాను. అటునుంచి ఆమె కూడా "సరే" అంది. ఆ మనిషి మీద మాకున్న కోపం ఆయన బతికుండగా తీరలేదు. ఇక తీరే దారి లేదని ఇద్దరికీ ఒకేసారి తెలిసినట్టుంది.

ఆయన పేరు రాయను. సూరత్ లింబాయత్‌లో మా తెలుగు బస్తీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లూ లేరు. అందరికీ పెద్దయ్యే. గోదావరి ఒడ్డున, ధర్మపురి దగ్గరి ఊరు. తాతముత్తాతలు రేవులో నావ నడిపినవాళ్లు. నది మీద వంతెన పడి రేవు పోయాక, మావాళ్లందరిలాగే ఆయన కూడా సూరత్ వచ్చి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేశాడు. ఎన్నేళ్లు నేసినా నేతపనివాడి నడక మాత్రం రాలేదు. ఎవరింటికి వచ్చినా ముందు ఎడమచెయ్యి తలుపు చట్రం మీద వేసేవాడు. ఒక కాలు లోపల పెట్టి, నేల ఊగుతుందేమో చూసినట్టు ఆగి, అప్పుడు రెండో కాలు పెట్టేవాడు. కుర్చీ ఇస్తే దాన్ని పక్కకు జరిపి, గొంతుక్కూర్చునేవాడు.

తాపీ నది మీది వంతెనలంటే ఆయనకు పగ. షేర్ ఆటోలో వంతెన ఎక్కగానే కళ్లు మూసుకునేవాడు, దిగాకే తెరిచేవాడు. నిద్రపోయాడనుకుని ఎవరైనా భుజం తడితే "పోయిందా?" అని అడిగేవాడు.

కుడిచేతి చూపుడువేలి కొన లేదు. గోదావరిలో మొసలి కొరికిందని నాకు చెప్పాడు. సాంచెలో పడి నలిగిందని రాజవ్వకు చెప్పాడు. నా బడి పిల్లలకైతే, చిన్నప్పుడు ఆకలికి ఆగలేక తనే తినేశానని చెప్పాడు. పిల్లలు వారంపాటు ఆ మాటే చెప్పుకుని మురిసిపోయారు. ఇందులో ఏది నిజమని ఒకసారి గట్టిగా అడిగాను. "నీకేది మంచిగనిపిచ్చింది టీచరమ్మా?" అన్నాడు. నేను మొసలి అన్నాను. "అయితే మొసలే" అన్నాడు. ఆ అబద్ధాలు నాకు నచ్చేవి. అవి ఎవరికీ నష్టం చెయ్యవనే అనుకున్నాను.

ఆయన్ని నేను సరిగ్గా ఎరిగింది మొదటి లాక్‌డౌన్‌లో. కార్ఖానాలన్నీ మూతపడ్డాయి. మా మున్సిపల్ తెలుగు బడిని బియ్యం పంచే చోటుగా మార్చారు. ఉదయం నుంచే గేటు బయట వరుస కట్టేవారు. సగంమంది ఊళ్లకు ఎలా పోవాలా అని చూస్తున్నవాళ్లు, సగంమంది పోలేక ఉండిపోయినవాళ్లు. పెద్దయ్య మొహానికి తువ్వాలు చుట్టుకుని వరుసలో నిలబడ్డాడు. తన వంతు రాగానే బియ్యం సంచి వైపు చూడనైనా చూడలేదు.

"పాత చీరలున్నయా టీచరమ్మా? నూలుయి. పాలిస్టర్ వద్దు" అన్నాడు.

మూతికి కట్టుకునే గుడ్డలు కుట్టడానికేమో అనుకున్నాను. ముందు బియ్యం తీసుకొమ్మన్నాను. బియ్యం ఎవరైనా ఇస్తారని, నూలు చీర మాత్రం ఈ ఊళ్లో ఎవరూ ఇవ్వలేరని అన్నాడు. నిజమే. దేశానికంతా చీరలు పంపే ఊళ్లో మా ఆడవాళ్ల ఒంటిమీద ఉన్నదంతా మెరిసే పాలిస్టరే. నూలు చీరంటే ఊరి నుంచి తెచ్చుకుని పెట్టె అడుగున దాచుకున్నదే. ఆయన బస్తీలో ఇల్లిల్లూ తిరిగాడు. మా అమ్మ రెండిచ్చింది. రాజవ్వ తన పెళ్లినాటిది ఇచ్చింది, అప్పటికే చిరుగులు పట్టిందిలే అనుకుంటూ.

ఆ చీరలు ఏమయ్యాయో తర్వాత చూశాం. హజీరాకు పోయే దారిలో ఒక ఖాడీ ఉంది. సముద్రపు పోటు లోపలికి వచ్చి పోయే ఉప్పునీటి పాయను అక్కడ అలాగే అంటారు. దాని ఒడ్డున, బురదలో, ఒక పాత చెక్కపడవ పక్కకు ఒరిగి ఉంది. ఒకప్పుడు తెరచాపతో గడ్డీ కుండలూ మోసిన పడవ. ఇంజిన్ బోట్లు వచ్చాక ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. దాన్ని ఓ కోళీ జాలరి ముసలాయన పోతూ పోతూ తన చేతిలో పెట్టాడని పెద్దయ్య చెప్పేవాడు. ఇంకోసారి పందెంలో గెలిచానని చెప్పాడు. మా చీరల్ని పీలికలుగా చింపి, గుగ్గిలం పొడి కలిపిన నూనెలో నానబెట్టి, ఉలితో పలకల సందుల్లో కూరుతున్నాడు. నీళ్లు తగిలితే నూలు ఉబ్బి సందు మూసుకుంటుంది. పాలిస్టర్ ఉబ్బదు. పని చేస్తున్నంతసేపూ పడవను తిట్టేవాడు. నీకు సిగ్గులేదు, ఇంతమంది ఆడోళ్ల చీరలు కట్టుకుని కూడా కారుతవా అనేవాడు. రాజవ్వ నవ్వి నవ్వి ఒడ్డున కూలబడింది. అప్పటికి ఆమె భర్త బతికే ఉన్నాడు.

ఆ పడవ వెనక ఒక గుజరాతీ అమ్మాయి ఉంది. సముద్రపు ప్రాణుల చదువు చదివింది. మేమంతా బెన్, అంటే అక్క, అనేవాళ్లం. చిన్న సంస్థ తరఫున పనిచేసేది. ఆ ఖాడీలో ఒకప్పుడు ఆల్చిప్పలు ఒకదాని మీద ఒకటి పెరిగి పెద్ద పెద్ద దిబ్బలుగా ఉండేవట. సున్నానికనీ కోళ్ల దాణాకనీ తరతరాలుగా తవ్వుకుపోయారు. దిబ్బలు పోయాక ఒడ్డు కోసుకుపోయింది, చేపలు తగ్గాయి. ఖాళీ చిప్పల్ని మళ్లీ నీళ్లలో వేలాడదీస్తే, నీళ్లలో కొట్టుకొచ్చే పిల్లచిప్పలు వాటిని పట్టుకుని పెరుగుతాయని ఆమె హిందీలో ఓపిగ్గా చెప్పింది. ఇంజిన్ బోటు పోతే బురద లేస్తుంది, నూనె కారుతుంది. అందుకని గడతోనో తెరచాపతోనో నడిచే పాత పడవ కావాలంది. పాత పడవలు మళ్లీ బతకాలన్నది కూడా ఆమె కోరికే. పెద్దయ్య ఏ కథ చెప్పినా, కాగితాల మీద ఆ పడవ సంస్థదే. ఆల్చిప్పలకు పాట వినిపిస్తే తొందరగా పెరుగుతాయని పెద్దయ్య ఆమెకు చెప్పాడు. ఆమె నవ్వి, అది అబద్ధమంది. అయినా ఆయన పాడటం మానలేదు.

సాంచెలు ఆగిపోయి ఇళ్లలో కూర్చున్న ఆడవాళ్లను ఆ పనికి తీసుకెళ్లింది పెద్దయ్యే. చిప్పకు బెజ్జం వెయ్యాలి, తాడుకు గుచ్చాలి, ఒక్కోదాని కింద ముడి వెయ్యాలి. తెగిన పోగును చూడకుండానే ముడేసే చేతులు వాళ్లవి. ఆ వరుసల్ని దండలు అనేవాళ్లు. ఖాడీలో బొంగులు పాతి, వాటి మధ్య దండలు కట్టారు. బడి లేదు కనుక నేనూ వెళ్లేదాన్ని. బస్తీ గదుల్లో ఊపిరాడని రోజుల్లో, తలమీద ఆకాశం, మోకాళ్ల దాకా చల్లటి బురద. ఆ కాలంలో మేం మనుషుల్లా బతికింది అక్కడే.

ఆ వానాకాలంలో రాజవ్వ భర్త జబ్బుచేసి పోయాడు. ఆస్పత్రి వాళ్లు మూట కట్టి, అటునుంచి అటే తీసుకెళ్లారు. మొహం చూపించలేదు. పదిరోజులకు రాజవ్వ ఖాడీ దగ్గరకు వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా రోజంతా కూర్చుని ఒక్క దండ గుచ్చింది. చివర భర్త లుంగీ పీలిక ముడేసింది. అది ఆయన పేరు మీద అని మాత్రం చెప్పింది. పెద్దయ్య తన తువ్వాలు భుజానికి తగిలించుకుని లేచాడు. ఆమెను పడవలో ఎక్కించుకుని, ఆటుకు కూడా నీళ్లు తగ్గని చోటికి తీసుకెళ్లాడు. అక్కడైతే ఎవరి చెయ్యీ పడదన్నాడు. ఆమె దండ కట్టి వచ్చేదాకా మేం ఒడ్డున నిలబడే ఉన్నాం. ఆ రోజు ఆయన పడవను తిట్టలేదు.

వానలు తగ్గాక చిప్పల మీద పిల్లలు పట్టాయి. ముందు ఎవరి కంటికీ ఆనలేదు. రాజవ్వ వేలితో తడిమి, గసగసాలు చల్లినట్టుందని అంది. బెన్ వంగి చూసి, అక్కడే బురదలో మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. ఆ సాయంత్రం పెద్దయ్య అందర్నీ ఒడ్డున నిలబెట్టి ఒక మాట చెప్పాడు.

"రెండు వానకాలాలు ముట్టకుండ్రి. ఒక్క చిప్ప గూడ తియ్యద్దు. గటెన్క ఇది మీ చేను. నేను జూస్కుంట."

మేం నమ్మాం. ముట్టుకోలేదు. ఇంట్లో పప్పు లేని రోజున కూడా ఎవరూ ఒక్కటి తెంపుకు రాలేదు.

ఆ చలికాలంలోనే పడవ మొదటిసారి తెరచాప ఎత్తింది. నేనూ ఎక్కాను. చిప్పల బస్తాల మధ్య కూర్చున్నాను. పెద్దయ్య నీళ్లలో వేలు ముంచి నాలుకకు తగిలించుకుని, సముద్రం లోపలికి వస్తోందన్నాడు. తెరచాప రెండుసార్లు కొట్టుకుని నిండింది. చప్పుడంటూ లేదు. అంత బరువు అంత సులువుగా కదులుతుంటే నా ఒళ్లు జల్లుమంది. ఆయన వైపు చూశాను. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. మేమెవరం ఆయనకు కనిపించడం లేదు.

తర్వాత సంస్థకు డబ్బు రావడం ఆగిపోయింది. బెన్ తండ్రికి బాగాలేదని ఆమె ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. వెళ్లేముందు అన్నీ దాచకుండా చెప్పింది. దండలు వాటంతటవే పెరుగుతాయి, కదపకుండా ఉంటే చాలంది. పడవను మాత్రం నది ఒడ్డున ఒక రేకుల కప్పు కింద పెట్టి, పక్కన బోర్డు రాయించి, వచ్చేపోయేవాళ్లు చూసేలా చేస్తారట. పెద్దయ్య పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు.

"దాన్ని ఒడ్డుమీద ఎండవెడ్తరా" అని ఒక్క మాట అన్నాడు.

ఆయన తరఫున మాట్లాడింది మేమే. నేనూ రాజవ్వా మరికొందరం బెన్‌ను చుట్టుముట్టి, ఆ పడవలో మా చీరలున్నాయనీ, అది నీళ్లమీదే ఉండాలనీ, పెద్దయ్య చేతిలోనే ఉండాలనీ పట్టుబట్టాం. ఆమె సంస్థవాళ్లతో ఎన్నిసార్లు ఫోన్లో మాట్లాడిందో. చివరికి పడవ ఆయనకే వదిలేశారు. ఆయన మాకు దణ్ణం పెట్టాడు. మేం సిగ్గుపడి, అదేంది పెద్దయ్యా అంటూ చేతులు పట్టుకున్నాం.

ఎండాకాలం వచ్చేసరికి కరోనా రెండో అల కొట్టింది. మళ్లీ ఎవరం గడప దాటలేదు. బస్తీలో రోజూ ఎవరో ఒకరు. ఖాడీ గురించి ఆలోచించినప్పుడు మాత్రం కాస్త నెమ్మదిగా ఉండేది. అక్కడ ఆయన ఉన్నాడు, చూసుకుంటాడు అనుకునేవాళ్లం.

వానలు మొదలయ్యాక, బయట తిరగనిచ్చిన మొదటి ఆదివారం ఐదుగురం ఆటో మాట్లాడుకుని వెళ్లాం. ఆటుపోటు లెక్క చూసుకుని, నీళ్లు తీసే వేళకు చేరాం. బొంగులు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య ఏమీ లేదు. చిప్పలు లేవు, తాళ్లు లేవు. బురద నున్నగా, కాలు పెట్టని చేనులా ఉంది. తప్పుచోటికి వచ్చామేమో అనుకుని అటూ ఇటూ తిరిగాం. రాజవ్వ ఒక బొంగు పట్టుకుని చూసి, ఇదే అంది. తాడు కట్టిన చోట గీతలు పడి ఉన్నాయి. అక్కడ ముడి ఊడలేదు. కోశారు.

ఖాడీ రేవు దగ్గర పెద్దయ్య ఉన్నాడు. పడవ నిండా చిప్పలు. పిల్లచిప్పలు పట్టి, పెద్దవై, గుత్తులు గుత్తులుగా ఉన్న మా చిప్పలు. ఇద్దరు కూలీలు వాటిని తట్టలతో లారీలోకి ఎత్తుతున్నారు. ఖాడీ నోటి దగ్గర ఎవరో కాంట్రాక్టరు జెట్టీ కడుతున్నాడని, నీళ్లదారి ఖాళీ చేసి పెట్టడానికి పడవ కావాలన్నాడని, జెట్టీ అయ్యాక కూడా సరుకు మోసే పని ఇస్తానన్నాడని అప్పుడే తెలిసింది. చెప్పింది కూలీలే. పెద్దయ్య చెప్పలేదు. మమ్మల్ని చూసి తాడు చుట్టడం మొదలుపెట్టాడు.

నేను దగ్గరికి వెళ్లి, ఎందుకిలా చేశావని అడిగాను. ఆ జెట్టీ ఎలాగూ వస్తుందని, తను తియ్యకపోతే మిషన్ పెట్టి తీసేవాళ్లని అన్నాడు. అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. నిజమే కావచ్చు.

"మరి మాకు ముందుగాల ఎందుకు చెప్పలే?" అన్నాను.

"చెప్తే వద్దంటరు గద" అన్నాడు.

తాడు చుడుతూనే ఉన్నాడు. నా వైపు చూడకుండా ఇంకో మాట అన్నాడు. "పనుంటెనే అది పడవ, టీచరమ్మా. పని లేకుంటే పొయిల కట్టె."

అప్పటిదాకా రాజవ్వ చిప్పల కుప్ప దగ్గర వంగి, చేత్తో వెతుకుతూ ఉంది. ఒరుసుకుని వేళ్లు తెగుతున్నా వెతుకుతోంది. చివరికి లేచి ఆయన ముందు నిలబడింది.

"మా ఆయన దండ గూడ తీసినవా?"

పెద్దయ్య మొదటిసారి చేతులు ఆపాడు. ఏదైనా ఒక కథ చెప్తాడనుకున్నాను. పోటుకు కొట్టుకుపోయిందనో, దాచి ఉంచాననో. ఆ రోజు ఆయన అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

"అన్ని ఒక్కతీర్గనే ఉన్నయి రాజవ్వా" అన్నాడు.

మేం వచ్చేశాం. ఆటోలో రాజవ్వ వేళ్ల నెత్తురు కొంగుకు తుడుచుకుంటూ కూర్చుంది. మమ్మల్ని ముంచింది ఎవరో దొర అయితే బస్తీ అంతా పోయి తిట్టి వచ్చేవాళ్లం. మా మనిషే చేశాడు. మా ఇళ్లలో కూర్చుని మా టీ తాగినవాడు, మేం గడప దాటలేని రోజులు చూసుకుని చేశాడు. ఇది ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. బెన్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆమె పడవ బాగుందా అని మాత్రం అడిగింది.

తర్వాత ఒకసారి ఆయన బస్తీకి వచ్చాడు. రాజవ్వ గుమ్మం దగ్గర, ఎప్పటిలాగే చట్రం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. లోపల ఆమె సాంచెకు కండెలు చుట్టుకుంటూ ఉంది. చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. చుట్టుకుంటూనే ఉంది. ఆయన లోపల పెట్టిన కాలు వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు. మరోసారి షేర్ ఆటోలో నా ఎదుట సీట్లో కూర్చున్నాడు. ఇద్దరికీ మాస్కులున్నాయి. నన్ను గుర్తుపట్టాడో లేదో చెప్పలేను. వంతెన దాటాక కూడా ఆ రోజు ఆయన కళ్లు తెరవలేదు.

జెట్టీ పని అయిపోయింది. సరుకు మొయ్యడానికి ఇంజిన్ బోట్లు వచ్చాయి. కాంట్రాక్టరు మనిషే మారిపోయాడు. పెద్దయ్య పడవను ఎవరూ పిలవలేదని విన్నాను. విన్నప్పుడు సంతోషించాను. ఆ సంతోషం పూట కూడా నిలవలేదు. మూడో అల తగ్గాక ఒక ఉదయం రేవు దగ్గరి టీ బండి ముందు కూర్చుని, కూర్చున్నట్టే ఒరిగిపోయాడట.

ఊరి నుంచి కొడుకు వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. వెంట ఎవరూ లేరు. దహనం అయ్యాక, దినాలు కూడా ఇక్కడే చెయ్యమని బస్తీ పెద్దలు చెప్పారు. పదోనాడు గల్లీలో షామియానా వేశారు. నేను టీచర్ని కనుక నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. లేవబోతుంటే, వెనక అన్నం వండుతున్న రాజవ్వ చేతులు తుడుచుకుంటూ నా పక్కకు వచ్చింది.

"చచ్చిండని మంచోడనకు టీచర్. ఉన్నది చెప్పు" అంది.

ఉన్నదే చెప్పాను. చీరలు అడిగిన సంగతి చెప్పాను. పిల్లలకు చెప్పిన కథలు చెప్పాను. చిప్పల సంగతీ చెప్పాను. మేం ఇళ్లలో ఉన్నప్పుడు తీశాడని, మాకు చెప్పకుండా తీశాడని చెప్పాను. గల్లీలో కొందరు తలలు వంచుకున్నారు. చావింట ఇదేం మాటని ఒకాయన గొణిగాడు. కొడుకు మాత్రం నా వైపే చూస్తూ విన్నాడు. నేను కూర్చున్నాక, ఎవరూ అడగకుండానే మాట్లాడాడు. రేవు పోయిన ఏడాది తండ్రి, ఊళ్లో తమకున్న కొంచెం పొలాన్ని అమ్మి ఎవరిదో పాత నావ కొన్నాడట. ఎక్కే మనిషి లేడని తెలిసీ కొన్నాడట. అది పాడయ్యాక సూరత్ వచ్చేశాడు.

"మా అమ్మకు గూడ చెప్పలే" అన్నాడు. "చెప్పి చేసిన పని ఒక్కటి లేదు."

అతనికి రాజవ్వే విస్తరి వేసింది. కూర ఇంకోసారి వడ్డించింది. తిన్నాక అతను చెయ్యి కడుక్కుని వచ్చి, సాయంత్రం బండికి వెళ్లిపోతానని, ఈలోపు ఆ పడవ ఎక్కడుందో చూపిస్తారా అని అడిగాడు. మేం రాజవ్వ వేళ్లు తెగిన రోజు తర్వాత ఆ వైపు వెళ్లలేదు. ఆమె నా మొహం చూసింది. ముగ్గురం ఆటో ఎక్కాం.

పడవ రేవు పక్కన బురదలో ఒరిగి ఉంది. ఎండకు పలకలు విచ్చుకున్నాయి. ఒకవైపు కుక్క పడుకుని ఉంది. కొడుకు చెప్పులు విడిచి బురదలోకి దిగాడు. చుట్టూ ఒకసారి తిరిగి, మాకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అతని మొహంలో కోపం లేదు. ఇంతకంటే పెద్దదేదో చూస్తాననుకుని వచ్చినట్టుంది.

"దీనికోసమేనా?" అన్నాడు.

ఇలా కాదు, గాలికి నిండినప్పుడు చూడాల్సిందని నా నోటిదాకా వచ్చింది. ఆయన తరఫున నేనెందుకు చెప్పాలని ఆగిపోయాను. రాజవ్వ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, జారకుండా జాగ్రత్తగా ఒక అడుగు ముందుకు వేసి, బురదలోంచి ఎక్కడానికి అతనికి చెయ్యి అందించింది.

"ఔ బిడ్డా" అంది. "దీనికోసమే."